‘వత్తాడు’ తప్పు కాదు

వినికిడి, మాట, భాష మూడింటినీ కలిపి చదివే డిగ్రీ పేరు బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. అంత పేరు పలకలేక అందరూ బీఏఎస్‌ఎల్‌పీ అంటారు. కోర్సు నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. బైపీసీ వాళ్లే కాదు, ఎంపీసీ వాళ్లూ చేరవచ్చు. అయినా ఎంబీబీఎస్ సీటు రానప్పుడు బంధువుల్లో ఎవరో ఒకరు చెబితే తప్ప ఈ చదువు ఒకటుందని చాలా ఇళ్లలో తెలియదు.

మన దేశంలో ఇది 1960ల్లో వేళ్లూనుకుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. ముంబైలో 1983లో పెట్టిన జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదీ, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడ దిగవచ్చు.

మొదట్లో పాఠాలు ఒకదానికొకటి పొంతన లేనట్టుంటాయి. చెవి, స్వరపేటికల నిర్మాణం ఒక గంట, ధ్వని భౌతికశాస్త్రం ఒక గంట, ఆ తర్వాత మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం. ఇవన్నీ ఎందుకు కలిపారో విద్యార్థికి క్లినిక్‌లో రోగి ఎదురుగా కూర్చున్నప్పుడే అర్థమవుతుంది.

వినికిడి పరీక్షలో శబ్దం లోపలికి రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడగానే బటన్ నొక్కమని, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం ఎన్ని డెసిబెల్స్ దగ్గర వినపడుతోందో చూస్తారు. ఆ అంకెలతో గీసే గీతే ఆడియోగ్రామ్. రైసుమిల్లులో, జూట్ మిల్లు మగ్గాల దగ్గర, చేపల చెరువు గట్టున డీజిల్ ఇంజను పక్కన ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి గీత మామూలుగా నడిచి 4000 హెర్ట్జ్ దగ్గర ఒక్కసారిగా గుంటలో పడుతుంది. ఇలాంటి మనిషి తనకు వినపడుతోందనే అంటాడు. పిలిస్తే పలుకుతాడు కూడా. స, చ లాంటి హల్లులు మాత్రం జారిపోయి, నలుగురిలో ‘ఏవన్నావ్?’ అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. లోపలి చెవిలో చచ్చిన రోమకణాలు తిరిగి పుట్టవు. పాత మిల్లు కార్మికులకు దొరకని ఇయర్ ప్లగ్, ఇప్పుడు చెరువు గట్టు మీద పనిచేసే కుర్రాళ్లకైనా దొరకాలి.

కొల్లేటి లంకల్లో మరో రకం చెవుడు కనిపిస్తుంది. చిన్నతనంలో చెవిలో చీము కారితే గోరువెచ్చటి నూనె పోస్తారు, దురద పుడితే కోడి ఈక తిప్పుతారు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే రెండూ ప్రమాదమే. ఈ రకం చెవుడు చాలావరకు మందులకో ఆపరేషన్‌కో లొంగుతుంది. కాబట్టి ఆ మనిషికి చెవి మిషన్ అంటగట్టకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపడం ఆడియాలజిస్టు పని.

వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరంలో ఈ చదువు వేరే రకంగా పనికొస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ లోపం 70 డెసిబెల్స్ ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువవారు. సర్టిఫికెట్‌కు పింఛను ముడిపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి అది నెలకు 6000 రూపాయలు. అందుకని వినపడినా బటన్ నొక్కనివాళ్లు కొందరుంటారు. రెండోసారి పరీక్షిస్తే అంకె మారుతుంది, లేదా మాటల పరీక్ష స్వరాల పరీక్షతో పొసగదు. అప్పుడు బెరా చేస్తారు. నుదుటిమీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అతికించి, శబ్దానికి నాడి స్పందిస్తోందో లేదో చూసే పరీక్ష అది. బటన్‌తో పనిలేదు కాబట్టి నటనకు చోటు తక్కువ. అంతమాత్రాన ఎవరో కొందరి నటనకు నిజంగా వినపడనివాళ్లందరినీ దొంగల్లా చూడటం అన్యాయం.

బెరా అసలు ఉపయోగం పసిపిల్లలకే. నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స మొదలు కావాలన్నది ఈ వృత్తిలో అందరూ పాటించాలనుకునే లెక్క. పుట్టు చెవుడు అనగానే విద్యార్థి వంశచరిత్ర రాయాలి. ‘మీది మేనరికమా?’ అని అడగకుండా మన ప్రాంతంలో ఆ కాగితం నిండదు. తల్లిదండ్రులిద్దరికీ చక్కగా వినపడినా, ఇద్దరిలోనూ ఒకే లోపం ఉన్న జన్యువు దాగి ఉంటే పిల్లకు రెండూ రావచ్చు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిలో ఆ అవకాశం పెరుగుతుంది. ఆ ప్రశ్న కోడలి మీద నింద అన్నట్టు వినపడితే పక్కనే ఉన్న అత్తగారు అందుకుంటుంది. ఎలా అడగాలో సిలబస్‌లో లేదు, సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

ఇక మాట. పాఠం ఇంగ్లీషులో, రోగి తెలుగులో ఉండటంతో అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. నాలుగేళ్ల పిల్లాణ్ని లంక గ్రామం నుంచి తీసుకొస్తారు. ‘మా నాన్న వత్తాడు’ అంటాడు. స పలకలేదని కాగితం మీద తప్పు వేస్తే, తప్పు పరీక్షించినవాళ్లది. గోదావరి జిల్లాల వాడుకలో ‘స్త’ చాలాచోట్ల ‘త్త’ అవుతుంది. చేత్తాను, చూత్తాను అని వాడి తాతా అంటాడు. అదే పిల్లాడికి బొమ్మలు చూపించి సూది, సబ్బు, బస్సు అనిపిస్తే స శుభ్రంగా పలుకుతాడు. అలాగే భోజనాన్ని ‘బోజనం’ అన్నంత మాత్రాన అది ఉచ్చారణ లోపం కాదు, ఊరంతా అలాగే అంటుంది. యాసను రోగం అనుకోకుండా ఉండటానికే భాషాశాస్త్రం పెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఈ విద్యార్థుల చేతిలో ఉండాల్సిన పుస్తకం. క్లినిక్ బీరువాల్లో మాత్రం అరుదు.

తెలుగుకు తనదైన ఇబ్బంది ఇంకోటుంది. ఎవరు వచ్చారో క్రియ చివరే చెబుతుంది: వచ్చాడు, వచ్చింది, వచ్చారు. మాట్లాడేవాళ్ల గొంతు తగ్గేదీ అక్కడే. వినికిడి తక్కువైన పిల్లకు ‘వచ్చ్’ అందుతుంది, తోక అందదు. మిషన్ పెట్టాక థెరపీలో ఆ తోకల మీదే ఎక్కువ కాలం కూర్చోవాల్సి వస్తుంది. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ వేయించుకున్న పిల్లలకైనా అంతే, ఆపరేషన్‌తో పని మొదలవుతుంది. థెరపిస్టు ముందు గడిచేది వారంలో గంటో రెండు గంటలో, మిగతాదంతా తల్లి చేతిలో ఉంటుంది. కాబట్టి తల్లికి నేర్పడం కూడా ఈ చదువులో భాగమే.

పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లకూ బొమ్మలే సాధనం. చేపల రైతు ముందు ఎక్కడో అచ్చైన పియానో బొమ్మ పెట్టి పేరు చెప్పమనడం అర్థం లేని పని. శీలావతి, బొచ్చె, కొర్రమీను, తాటిదోనె పెడితే నాలుక మీదికి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రోజూ వాడిన మాటలకు మెదడులో దారులు ఎక్కువ. గోదావరి జిల్లాల కోసం ఇలాంటి బొమ్మల పెట్టె తయారుచేయడం ఇంటర్న్‌షిప్‌లో ఎవరైనా చేపట్టదగిన పని.

చదువు అయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకోవాలి. 1992 చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి చేరబోయే విద్యార్థి ఫీజు కట్టేముందే కాలేజీకి కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. చెవి మిషన్ కొనబోయేవాళ్లు కూడా అమ్మే మనిషిని రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి.