ఎవరిని, ఎప్పుడు లెక్కపెట్టారు?

మానసిక రోగులను నెలల తరబడి, ఏళ్ల తరబడి తమ ఆవరణలోనే ఉంచుకొని చికిత్స చేసే సంస్థల వల్ల కలిగే మేలు ఎంత? ఈ ప్రశ్నకు అమెరికాలో జరిగిన రెండు పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగని సమాధానాలిచ్చాయి. ఒకటి మేరీలాండ్ రాష్ట్రంలోని చెస్ట్‌నట్ లాడ్జ్ అనే ప్రైవేటు ఆసుపత్రికి, మరొకటి వర్మాంట్ రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రికి సంబంధించినవి. స్కిజోఫ్రీనియా నయమవుతుందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మొదటిదాన్ని నిరాశకు, రెండవదాన్ని ఆశకు సాక్ష్యంగా చూపడం పరిపాటి. ఆ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఫ్రీడా ఫ్రామ్-రైక్మన్ పనిచేసిన చెస్ట్‌నట్ లాడ్జ్ దీర్ఘకాల మనోవిశ్లేషణ చికిత్సకు పేరుపొందింది. 1950-75 సంవత్సరాల మధ్య అక్కడ చికిత్స పొందిన 446 మంది స్థితిగతులను సగటున 15 ఏళ్ల తరువాత పరిశీలించి, టామస్ మెక్‌గ్లాషన్ 1984లో ఫలితాలు ప్రకటించాడు. స్కిజోఫ్రీనియా రోగులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బతుకు అంతంతమాత్రంగానో, అంతకన్నా హీనంగానో ఉంది. కేవలం డిప్రెషన్‌తో చేరినవారిలో అలాంటివారు మూడింట ఒక వంతు. తమ సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఫలితాన్ని దాచకుండా వెల్లడించడం ఈ పరిశోధన గొప్పదనం. అయితే అక్కడికి వచ్చినవారిలో చాలామంది అప్పటికే వేరేచోట్ల చికిత్స ఫలించనివారు. అటువంటివారినే మరొక పద్ధతిలో చికిత్స చేసి పోల్చిచూసే ఏర్పాటు లేదు. అందువల్ల ఆ అంకెలు రోగులు ఎలా ఉన్నారో చెబుతాయి గాని, ఆ స్థితిలో చికిత్స వంతు ఎంతో చెప్పలేవు.

వర్మాంట్ కథ 1950ల మధ్యలో మొదలైంది. అప్పుడే వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ మందుకు తగినంతగా లొంగని రోగుల కోసం జార్జ్ బ్రూక్స్ బృందం ఒక పునరావాస కార్యక్రమాన్ని చేపట్టింది. పని నేర్పడం, ఉద్యోగం చూపడం, ఊళ్లో బస ఏర్పాటు చేయడం, ఇల్లు చేరాక కూడా బాగోగులు కనిపెట్టి ఉండడం అందులో భాగాలు. ఆ 269 మంది అప్పటికే సగటున 16 ఏళ్లుగా జబ్బుతో ఉన్నవారు. పదేళ్ల తరువాత చూస్తే 70 శాతం మంది ఆసుపత్రి బయటే ఉన్నారు, కాని చాలామంది ఒంటరులు. మళ్లీమళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నవారూ ఎక్కువే. పరిశోధన అక్కడితో ఆగివుంటే తీర్పు వేరుగా ఉండేది. కోర్ట్‌నీ హార్డింగ్ బృందం 20-25 ఏళ్ల నాటికి 262 మంది ఆచూకీ తీసింది. వారిలో సగం నుంచి మూడింట రెండు వంతుల మంది చెప్పుకోదగినంతగా మెరుగుపడ్డారనో, కోలుకున్నారనో 1987లో ప్రకటించింది.

దీనిమీదా అభ్యంతరాలు ఉన్నాయి. 1950లలో అమెరికా వైద్యులు స్కిజోఫ్రీనియా అనే పేరును విచ్చలవిడిగా వాడేవారు. ఈ విమర్శను ముందే ఊహించిన హార్డింగ్ బృందం పాత రికార్డులను 1980 నాటి కఠినమైన ప్రమాణాలతో తిరిగి పరీక్షించింది. ఆ వడపోతలో నిలిచిన 118 మంది విషయంలోనూ మొత్తం చిత్రం మారలేదు. పోలిక లేదన్న లోపాన్ని 1995లో పూరించారు: వయస్సు, లింగం, రోగనిర్ధారణ, ఆసుపత్రిలో గడిపిన కాలం సరిపోలేలా మేన్ రాష్ట్రం నుంచి రోగులను ఎంచారు. అలాంటి పునరావాసం అందని మేన్ రోగులకన్నా వర్మాంట్ వారు పనిలోను, సమాజంలో మెలగడంలోను మెరుగ్గా ఉన్నారు. ఇది బలమైన ఆధారమే. కాని రోగులను ఈ రెండు రాష్ట్రాలకు చీటీలు వేసి పంచలేదు కనుక, రాష్ట్రాల విధానాల మధ్య తేడా వంతు కూడా అందులో ఉండవచ్చు.

1984లోనే పట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ ‘వైద్యుడి భ్రమ’ను గురించి రాశారు. ఒక వార్డులో రెండే మంచాలున్నాయనుకుందాం. ఒకదాని మీద ఏడాది పొడవునా ఒకే రోగి. రెండవదాని మీద నెలకొకరు. ఏ రోజు వెళ్లి చూసినా రోగులలో సగం దీర్ఘరోగులే. ఏడాది లెక్క తీస్తే మాత్రం 13 మందిలో ఒక్కరే. కోలుకొని వెళ్లినవారు వైద్యుడి కంటికి కనిపించరు; వెళ్లలేనివారే రోజూ కనిపిస్తారు. ‘ఇది నయంకాని జబ్బు’ అన్న మాట కొంతవరకు అక్కడ పుట్టిందే.

దీనికి తలకిందులైన భ్రమ ప్రచార పత్రాలలో ఉంటుంది. చికిత్స పూర్తిచేసినవారినే, అదీ ఇంటికి పంపే రోజున లెక్కపెడితే, మధ్యలో మానేసినవారు, ఆరు నెలలకు తిరగబెట్టినవారు లెక్కలోంచి జారిపోతారు. ఎంత పెద్ద శాతమైనా అప్పుడు చేతికందుతుంది.

ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బుతో బిడ్డనో, తోబుట్టువునో ఇలాంటి చోట చేర్పించబోయే కుటుంబానికి ఇవి పండితుల తగాదాలు కావు. చేరినవారందరూ లెక్కలో ఉన్నారా? ఎన్నేళ్ల తరువాత చూశారు? మెరుగుదల అంటే లక్షణాలు తగ్గడమా, పని చేసుకోగలగడమా, తోడు దొరకడమా? ఎవరితో పోల్చారు? వీటికి జవాబివ్వని అంకెను నమ్మి ఆశపడనవసరం లేదు, హతాశులు కానవసరమూ లేదు. వర్మాంట్ అనుభవం ఐదవ ప్రశ్నను కూడా నేర్పుతుంది: ఇంటికి పంపిన మరుసటి రోజు నుంచి రోగి బస, పని, బాగోగులు ఎవరు చూస్తారు?