తెర పడ్డాక చెక్క ఎటు పోతుంది?

బ్రిటన్‌లో సెట్లు వేసేవాళ్ల మధ్య కొంతకాలంగా రెండు అంకెలు నలుగుతున్నాయి: 50, 65. నాటకానికి వాడే సామగ్రిలో 50 శాతం ఇదివరకే ఎక్కడో ఒకచోట పనిచేసి వచ్చినదై ఉండాలి. ఆఖరి ప్రదర్శన అయ్యాక 65 శాతం మరో పనికి వెళ్లాలి. 'థియేటర్ గ్రీన్ బుక్' అనే పుస్తకం పెట్టిన కనీస స్థాయి ఇది. దీనికి పైన ఇంకా కష్టమైన మెట్లున్నాయి. కోవిడ్‌తో హాళ్లన్నీ తాళాలు వేసుకున్న కాలంలో అక్కడి రంగస్థల నిపుణులు, ఇంజినీర్లు కలిసి కూర్చుని ఆ పుస్తకం రాశారు, 2021లో బయటికి తెచ్చారు. ప్రదర్శనకో భాగం, భవనానికో భాగం, రోజువారీ నిర్వహణకో భాగం. ఉపన్యాసం తక్కువ, పని ఎక్కువ. నాకు నచ్చింది అందుకే.

వాతావరణ సంక్షోభం అనగానే కళా సంస్థలకు ముందుగా తోచేది దానిమీద ఓ నాటకం వేయడం, ఓ ప్రదర్శన పెట్టడం. 2018 డిసెంబర్‌లో ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలిసి గ్రీన్‌లాండ్ నుంచి 24 మంచుగడ్డలు తెప్పించి లండన్ టేట్ మోడర్న్ గ్యాలరీ ముందు పెట్టారు. జనం వాటిని తడిమి చూశారు, చెవి ఆనించి విన్నారు. అవి కరిగిపోయాయి. అంత దూరం నుంచి వాటిని మోసుకురావడానికి ఎంత ఇంధనం తగలబడిందయ్యా అని ఎవరైనా అడుగుతారు కదా. ఆ లెక్క కూడా వాళ్లే కట్టించి ప్రకటించారు. మంచు కన్నా ఆ లెక్కే నాకు ఆసక్తిగా అనిపించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 'కల్చర్ డిక్లేర్స్ ఎమర్జెన్సీ' పేరుతో కళాకారులు, సంస్థలు ఒక్కటై వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జూలైలో టేట్ కూడా ప్రకటించింది. ప్రకటనలకేం లోటు లేదు. ప్రకటించిన మర్నాడు వర్క్‌షాప్‌లో వడ్రంగి చేతిలోకి ఏ చెక్క వచ్చిందన్నదే నాబోటి సెట్టు వేసేవాళ్ల ప్రశ్న.

లెక్క అడగడం నిజానికి అంతకుముందే మొదలైంది. సంగీత పరిశ్రమ వాళ్లు 2007లో లండన్‌లో 'జూలీస్ బైసికిల్' అని ఓ సంస్థ పెట్టుకున్నారు. కరెంటు, ప్రయాణాలు, చెత్త, అన్నిటికీ కర్బన లెక్క కట్టే సాధనాలు తయారుచేశారు. 2012 నుంచి ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ తన దగ్గర క్రమం తప్పకుండా నిధులు తీసుకునే సంస్థల్ని కరెంటు, నీళ్ల వాడకం చెప్పి తీరాలంది. డబ్బిచ్చేవాడు అడిగితే తప్ప మీటరు వంక ఎవరూ చూడరన్నది ఎక్కడైనా ఒకటే అన్నమాట.

నా పని నాటక పరిషత్తుల పోటీల్లో ఆడే నాటికలకు సెట్టు వేయడం. అక్కడ ముందు ఆడిన నాటక సమాజం దిగిపోగానే నిమిషాల్లో మన ఇల్లు లేవాలి, గంట తిరక్కుండానే కూలాలి. గ్రీన్ బుక్ అంకెలు మాకు పెడితే మొదటి దాంట్లో పాసవుతాం. మా నాటికలు చాలావరకు మధ్యతరగతి హాల్లోనో, పల్లెటూరి అరుగు మీదో, ఆఫీసు గదిలోనో జరుగుతాయి గనక అవే తలుపులు, అవే కిటికీలు రంగు మార్చుకుని తిరుగుతుంటాయి. కరణంగారి ఇంట్లో ఉన్న కిటికీ కలెక్టరాఫీసులో కనపడితే ప్రేక్షకులు పెద్దమనసు చేసుకుంటారు.

రెండో అంకె దగ్గరే తప్పుతాం. ముందు సంగతి, దాచే చోటు లేదు. సభ్యుల్లో ఎవరో ఒకరి మేడమీద, మరొకరి కారు షెడ్డులో పడేస్తాం. ఒక్క వానాకాలం గడిస్తే ప్లైవుడ్ ఉబ్బి పొరలు లేస్తుంది, మిగిలింది చెదలకు. నెలనెలా గోడౌన్ అద్దె కట్టే బదులు కొత్త షీట్లు కొనడమే చవక. ఇక రెండో సంగతి జిగురు. థర్మోకోల్ తేలిక, చాకుతో కోస్తే స్తంభమవుతుంది, గుడి గోపురమవుతుంది. దాన్ని ప్లైవుడ్‌కి అంటించామా, ఇక ఆ రెండూ విడిపోవు. స్క్రూ బిగించినది విప్పుకోవచ్చు, మేకు కొట్టినది కొంచెం గాయంతోనైనా ఊడదీయవచ్చు, జిగురు పెట్టినది మాత్రం మున్సిపాలిటీ బండికే. ఫ్లెక్సీ తెరదీ ఇదే కథ. అది చిరిగేదాకా వాన కారే పాకమీద కప్పుగా పనిచేస్తుంది, ఆ పుణ్యం దానికి ఉంది.

తెలుగులో ఈ విషయం రాస్తూ సురభి వాళ్ల పేరెత్తకుండా ఉండలేం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజాలు తెరలు రాయించుకుని, చుట్టి, మోసి, చిరిగితే కుట్టి, వెలిస్తే మళ్లీ రంగు వేసి తరాలుగా ఆడుతున్నాయి. ఒకే దర్బారు తెర ముందు ఎందరు రాజులు కొలువుతీరారో! ఈ మధ్య సభల్లో ఎవరో ఒకరు లేచి, పర్యావరణ నాటకం మన సురభి వాళ్లు ఎప్పుడో చేసి చూపించారని చప్పట్లు కొట్టిస్తున్నారు. నాకు ఆ చప్పట్లు రుచించవు. కొత్త తెర రాయించడానికి డబ్బు లేక పాతదాన్ని కాపాడుకున్నవాళ్ల లేమికి పర్యావరణ స్పృహ అని పేరుపెడితే, వాళ్లకు ఒరిగేది ఇంకో శాలువా. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. తెర ఎక్కడుంటే దాన్ని బాగుచేసే చేతులూ అక్కడే ఉండేవి. నటుడే పొద్దున కుట్టుపనివాడు, మధ్యాహ్నం రంగులు కలిపేవాడు. వస్తువు వెంట మనిషి ఉన్నాడు గనక వస్తువు నిలిచింది.

గ్రీన్ బుక్ చివరికి చెప్పేది కూడా ఇదేనని నాకు అర్థమైంది. సామగ్రికి పోసే డబ్బును మనుషుల వైపు మళ్లించమంటుంది. వినడానికి చిన్న మాట, బడ్జెట్ కాగితం మీద చాలా పెద్ద మాట. కొత్త షీటు తెస్తే కొలత గీసుకుని కోసుకుపోవడమే. పాత చెక్క అలా కాదు. మేకులు పీకాలి, వంకర చూడాలి, చిత్రిక పట్టాలి, పొట్టి వస్తే అతుకు వేయాలి. సరుకు ఖర్చు తగ్గి కూలి ఖర్చు పెరుగుతుంది, రోజులు పడతాయి. మన దగ్గర బడ్జెట్ కోయాల్సి వస్తే ముందు తెగేది వడ్రంగి రోజులే, ప్లైవుడ్ బిల్లు కాదు. పైగా పని వరస తిరగబడాలి. సెట్టు బొమ్మ గీసి దానికి తగ్గ చెక్క వెతకడం మాకు అలవాటు. ఉన్న చెక్క ఏమిటో చూసుకుని అప్పుడు బొమ్మ గీయాలంటే దర్శకుడు, రచయిత, సెట్టువాడు రిహార్సల్స్‌కి ముందే ఒకచోట కూర్చోవాలి. ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి "బాబూ, ఓ ఇల్లు కావాలి" అంటే నేను చేసేది తిన్నగా హార్డ్‌వేర్ షాపుకి వెళ్లడమే.

దీపాల దగ్గర ఇంకో పేచీ. 2018లో యూరోపియన్ యూనియన్ బల్బుల మీద కొత్త నిబంధనలు ప్రతిపాదించింది. ఒక్కో వాట్‌కి కనీసం 85 ల్యూమెన్ల వెలుగివ్వని దీపాలు 2020 సెప్టెంబర్ తర్వాత మార్కెట్లోకి రాకూడదని దాని సారాంశం. అంటే రంగస్థలం మీది టంగ్‌స్టన్, హాలోజెన్ దీపాలకు నూకలు చెల్లినట్టే. పర్యావరణం కోసం పాటలు పాడిన థియేటర్ వాళ్లే ఈ నిబంధన మీద గట్టిగా పోరాడి మినహాయింపులు తెచ్చుకున్నారు. వాళ్లది ద్వంద్వనీతి అని తేల్చేయడం సులువు. ఆ దీపాలతో పనిచేసిన వాడిగా నేను అలా అనలేను. హాలోజెన్‌ని డిమ్మర్‌తో తగ్గిస్తూ పోతే వెలుగు చిన్నదవడమే కాదు, పసుపు నుంచి ఎరుపులోకి దిగుతుంది. సాయంకాలం చూపించాలంటే అంతకన్నా ఏం కావాలి? చవకరకం ఎల్ఈడీ మెట్లు దిగుతున్నట్టు తగ్గి చివర టప్పున ఆరిపోతుంది, దాని కింద మేకప్ వేసిన మొహం పాలిపోతుంది. మంచి ఎల్ఈడీలు ఈ లోపాలను చాలావరకు దాటాయి, వాటి ధర మా సమాజాలకు అందేది కాదు. అయినా వేసవి పరిషత్తులో రేకుల కప్పు కింద డజను హాలోజెన్ల ముందు కోటు వేసుకుని నిలబడ్డ నటుడిని అడిగితే, నా సాయంకాలపు ఎరుపు సంగతి తర్వాత, ముందు ఆ దీపాలు ఆర్పమంటాడు. ఈ విషయంలో నేను నటుడి పక్షానికి మెల్లగా జరుగుతున్నాను.

సెట్లు, దీపాలు అంటూ ఇంతసేపు మాట్లాడాను గానీ, నాటక ప్రదర్శన మొత్తం కర్బన భారంలో వీటి వాటా చిన్నదే. భవనాన్ని చల్లబెట్టడానికీ వెచ్చబెట్టడానికీ అయ్యేది పెద్దది. ప్రేక్షకులు వచ్చిపోయే ప్రయాణం అంతకన్నా పెద్దది కావచ్చు. 'మాసివ్ ఎటాక్' అనే బ్రిటిష్ సంగీత బృందం 2024 ఆగస్టులో తమ సొంతూరు బ్రిస్టల్‌లో కచేరీ పెట్టి ప్రేక్షకులకు కార్ పార్కింగ్ లేకుండా చేసింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు టికెట్లు ముందుగా ఇచ్చి, రాత్రి ఇంటికెళ్లడానికి అదనపు రైళ్లు వేయించింది. పేరున్నవాళ్లు గనక చెల్లింది. మనం పార్కింగ్ లేదంటే ముఖ్య అతిథే రాడు.

ప్రయాణం మీద నాకు బాగా నచ్చిన ఆలోచన స్విట్జర్లాండ్‌లోని లొజాన్ నగరం నుంచి వచ్చింది. ఫ్రెంచి నృత్య దర్శకుడు జెరోమ్ బెల్ తన బృందంతో సహా 2019లో విమానం ఎక్కడం మానేశాడు. అతనూ, బ్రిటిష్ దర్శకురాలు కేటీ మిచెలూ 2021లో లొజాన్‌లోని విడీ థియేటర్ కోసం ఓ ప్రయోగం చేశారు. నాటకం దేశదేశాలకు వెళుతుంది, మనుషులూ సెట్టూ వెళ్లరు. రాతప్రతి, సూచనలు పంపుతారు, ఆ ఊరి దర్శకుడు ఆ ఊరి నటులతో చేసుకుంటాడు. మిచెల్ నాటకంలో దీపాలకు, మైకులకు కరెంటు కూడా వేదిక మీద సైకిళ్లు తొక్కి పుట్టించారు. 2023లో అది లండన్ బార్బికన్‌లోనూ ఆడింది. ఫొటోలన్నీ సైకిళ్లవే. నాకు మాత్రం సైకిళ్లు హంగు, అసలు సరుకు ఆ రాతప్రతి. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడిన తర్వాత ఊరూరా ఎవరి గిరీశాన్ని వాళ్లు తయారుచేసుకున్నారు, ఎవరూ విజయనగరం నుంచి గిరీశాన్ని రైలెక్కించలేదు. అదే ఇప్పుడు మా నాటికల సంగతి? జట్టంతా, సెట్టంతా వ్యాన్‌కెత్తి తెనాలి నుంచి ఇంకో జిల్లాకు, అక్కడినుంచి మరో జిల్లాకు. చూసేవాళ్లలో సగం మంది తర్వాతి నాటిక వేయడానికి ఎదురుచూస్తున్న వాళ్లే.

డబ్బు ఎవరిదన్న మాట వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గుతాయి. టేట్‌కి చమురు సంస్థ బీపీ 26 ఏళ్లు డబ్బిచ్చింది. 'లిబరేట్ టేట్' అనే కళాకారుల బృందం 2010 నుంచి ఆ గ్యాలరీల్లోనే నిరసన ప్రదర్శనలు చేస్తూ వచ్చింది. 2017లో ఆ స్పాన్సర్‌షిప్ ముగిసింది. నిరసనకి సంబంధం లేదని బీపీ అంది, అంటుంది కూడా. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లకిచ్చే అయిదు పౌండ్ల టికెట్ల వెనక 2019 దాకా ఉన్నది బీపీయే. 2019లో మార్క్ రైలన్స్ అనే గొప్ప నటుడు ఈ కారణంగా షేక్‌స్పియర్ కంపెనీతో అనుబంధం వదులుకున్నాడు. ఆ చవక టికెట్లు ఎవరి కోసం పెట్టారో ఆ వయసు పిల్లలే మాకొద్దన్నారు, అదే ఏడాది ఒప్పందం తెగింది. ఇంకోపక్క బ్రిటిష్ మ్యూజియం 2023 డిసెంబర్‌లో పదేళ్లకు 5 కోట్ల పౌండ్లు అదే బీపీ నుంచి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కప్పు కారుతుంటే ఎవరి డబ్బయినా డబ్బేనని మ్యూజియం వాదన. నాకు పిల్లల వాదనే సబబుగా ఉంది. అయితే నేను సెట్టు వేసే వేదిక మీద వెనక తెర కన్నా పెద్దగా ఉండేది దాతల ఫ్లెక్సీ. దాతల్లో కొండలు తొలిచేవాళ్లున్నారు, ఇసుక తోడేవాళ్లున్నారు. వాళ్ల డబ్బు వద్దంటే పరిషత్తు ఆ ఏటితో సరి.

నా చేతిలో లేనివాటి మాట ఎలా ఉన్నా, ఉన్నదాని గురించి ఒక ప్రతిపాదన. ప్రతి పరిషత్తులోనూ ఉత్తమ రంగాలంకరణకి బహుమతి ఉంటుంది. న్యాయనిర్ణేతలు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి: ఈ చెక్క ఎక్కడినుంచి వచ్చింది, రేపు ఎక్కడికి పోతుంది? దానికి తోడు ఒక్కో పట్టణంలో నాలుగైదు సమాజాలు కలిసి ఉమ్మడిగా ఓ గోడౌన్ తీసుకుని, తలుపులు కిటికీలు ఒకే కొలతకి చేయించుకుంటే ఎవరి సెట్టులోనైనా ఎవరి తలుపైనా కూర్చుంటుంది.

ఇది మా దర్శకుడుగారికి చెబితే పకపకా నవ్వారు. "ఒరే, బహుమతి కోసం కొత్త చెక్కకి మసి పూసి పాతదంటార్రా మనవాళ్లు."

పూస్తారు, సందేహం లేదు. అందుకని జడ్జీలు సెట్టును వెనకనుంచి చూడాలి. పాత మేకు బొక్కలు, ఇదివరకటి రంగులు, ఏ నాటికకో వేసిన అంకె గుర్తులు అన్నీ అక్కడే ఉంటాయి. ఈ సంగతులన్నీ రాసి తెలిసిన పరిషత్తు కార్యదర్శి ఒకరికి పంపాను. ఫోన్ చేశారు. బహుమతి సంగతి ఆలోచిద్దాం, ముందు ఆ గోడౌన్ అద్దె ఎవరు కడతారండీ అని అడిగారు.