మంచును చూపించాలి

నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున పెద్దవాళ్ళకు ఏఐ చాట్‌బాట్ వాడడం నేర్పుతుంటాను. మొదట్లో, "లక్షల పుస్తకాలు చదివిన పండితుడనుకోండి" అని చెప్పేదాన్ని. భయం పోయి అందరూ చనువుగా వాడసాగారు. ఒకరోజు మా పైఅంతస్తు పిన్నిగారు ఫోను చూపించారు. వాళ్ళూరి అమ్మవారి జాతర ఏ నెలలో అని అడిగితే తప్పు చెప్పింది. "నేనే మరిచిపోయానేమో తల్లీ, అది అంత చదివింది కదా!" అన్నారు. చిన్నప్పటి నుంచి చూసిన జాతరనే ఆవిడ అనుమానించారు. ఆ అనుమానం నా పోలిక పెట్టిందే.

మరుసటి వారం "ఇంట గెలిచి..." అని ఆపాను. "రచ్చ గెలువు" అన్నారందరూ ఒక్క గొంతుతో. "ఇదీ అంతే. ఏ మాట పక్కన ఏ మాట పడుతుందో నేర్చుకుని అల్లుతుంది. మీ ఊరి గురించి రాసినవాళ్ళు తక్కువ కాబట్టి అక్కడ తడబడుతుంది" అన్నాను. "అయితే మా ఊరి సంగతి దీన్నడిగినా, మళ్ళీ మా అక్కనడగాలన్నమాట" అన్నారు పిన్నిగారు.

ఎక్కడ తడబడుతుందో కళ్ళకు చూపిస్తే నమ్మకం ఎలా మారుతుందో ఒక ప్రయోగంలో తెలిసింది. 2016లో అమెరికాలో రిబేరో, సమీర్ సింగ్, గెస్ట్రిన్ అనే పరిశోధకులు హస్కీ కుక్కనూ తోడేలునూ వేరుచేసే ఏఐ మోడల్‌ను కావాలనే చెడుగా తయారుచేశారు. దానికి నేర్పిన తోడేలు ఫొటోలన్నిట్లో మంచు ఉంది, కుక్క ఫొటోల్లో లేదు. 27 మంది విద్యార్థుల్లో 10 మంది దాన్ని నమ్మారు. అది మంచును చూసి తోడేలంటోందని ఫొటోలోనే చూపించాక, నమ్మినవాళ్ళు ముగ్గురే.

మన దగ్గర ఈ మంచు కనిపించకపోతే పోయేది అన్నం. తెలంగాణ ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ 'సమగ్ర వేదిక' వివిధ శాఖల రికార్డులను కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరికి ఏముందో తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన్ని పేరు పోలికతో కారు యజమానిగా లెక్కగట్టడంతో ఆ ఇంటికి రేషన్ అందకుండా పోయింది. రద్దయిన రేషన్ కార్డులను ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. "సిస్టమ్‌లో అలా వచ్చింది" అంటే పేదవాడు తిరిగి ఏమనగలడు? ఫలానా నంబరు కారు మీ పేరున చూపిస్తోందని చెబితే, "ఆ బండి మాది కాదు" అనైనా అనగలడు.

అందుకే ఇప్పుడు ఏది వివరించినా చివర్లో ఒకటే అడుగుతాను: "ఇది ఎక్కడ తప్పు చేయొచ్చో చెప్పండి." వాళ్ళు చెప్పలేకపోతే, నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి.