రస్సెలు పాములు, రాక్సుబర్గు మొక్కలు

గుంటూరు జిల్లా పెదకాకాని మండలములోని ఉప్పలపాడు చెరువునకు జనులు పక్షులను చూచుటకై పోవుదురు. నీటి నడుమనున్న తుమ్మచెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొన్నంతకాలము గట్టు సందడిగా నుండును. అందరి చూపులు కొమ్మలవైపే. నీటి అంచున జమ్ముదుబ్బుల మధ్య ఏమి మొలచినదో, ఆ దుబ్బులలోనుండి తల యెత్తి చూచిన పాము ఏ జాతిదో విచారించువారు తక్కువ. పాము కనబడినచో విచారణ అసలే ఉండదు, కఱ్ఱ ఉండును.

మొక్కలమీద ఆసక్తి గలవా డొకడు, పాములమీద ఆసక్తి గలవా డొకడు కలిసి ఇట్టి చెరువునకు బయలుదేరినచో, తెలుగు నేలమీదనే పుట్టిన రెండు పాత గ్రంథములు వారికి తోడుగా నుండదగినవి. వానిని వ్రాసినవారును అట్టి మిత్రులే. పాట్రిక్ రస్సెలు, విలియం రాక్సుబర్గు ఇద్దరును స్కాట్లండు దేశీయులు, ఇద్దరును వైద్యులు. రస్సెలు విశాఖపట్టణమున, రాక్సుబర్గు సామర్లకోటలో నివసించినారు. లిన్నేయసు శిష్యుడైన కోనిగ్ 1785లో మరణింపగా ఈస్టిండియా కంపెనీవారు ఆతని ఉద్యోగమును రస్సెలున కిచ్చిరి. 1789లో రస్సెలు స్వదేశమునకు పోగా ఆ పని రాక్సుబర్గునకు వచ్చినది. రాక్సుబర్గు రచించిన ‘కోరమండలు తీరపు మొక్కలు’ 1795 నుండి సంపుటములుగా వెలువడినది. దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెలు. రస్సెలు పాముల గ్రంథము 1796లో లండనులో అచ్చయినది.

రస్సెలు గ్రంథము ఒక ప్రశ్నకు సమాధానము వెదకుచు పుట్టినది. ఏ పాము విషము గలది, ఏది కాదు? ఈ విషయమున ఆతని పద్ధతిలో తొందరపాటు లేదు. పాము నోరు తెరచి కోఱలను పరీక్షించుట, పొట్టక్రింది పలకలను, తోకక్రింది పలకలను లెక్కించుట, కోళ్ళమీదను కుక్కలమీదను కాటు ప్రభావమును గమనించి వ్రాసికొనుట, ఇవి ఆతని సాధనములు. ఆ కాలమున పాముకాటునకు మందని పేరుపడిన తంజావూరు మాత్రలను కూడ ఆతడు పరీక్షకు పెట్టినాడు. అందులో పాషాణము కలియును. పేరు పొందిన మందును నమ్ముటకు ముందు పరీక్షింపవలెనని 18వ శతాబ్దిలోనే పట్టుబట్టుట ఈ గ్రంథమున కెల్ల శ్రేష్ఠమైన గుణము. జంతువులను హింసించిన ఆ ప్రయోగములు నేటి పాఠకునికి రుచింపవు, రుచింపనక్కరలేదు కూడ.

తెలుగువారికి మాత్రము ఈ గ్రంథములో అన్నిటికంటె విలువైనవి పేర్లు. పాములను తెచ్చి యిచ్చినవారు చెప్పిన పేర్లనే రస్సెలు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నాడు. జెఱ్ఱిపోతు ఉన్నది, పసరిక పాము ఉన్నది, చింతనాగు ఉన్నది. ఆతని పేరుమీదనే నేడు ప్రపంచమంతట ప్రసిద్ధమైన పొడపామునకు ఆతడు వ్రాసిన పేరు ‘కాటుకరేకుల పొడ’. మన జిల్లాలలో దానినే రక్తపింజరి యందురు. రక్తపింజరి యన్నచో భయము కలుగును గాని రూపము కనబడదు. కాటుకరేకుల పొడ యన్నచో వీపుమీద నల్లని అంచులతో రేకులవలె వరుసగా నుండు మచ్చలు కన్నులకు కట్టును. ఆ పేరు పెట్టిన పల్లెవాడు రస్సెలుకంటె ముందే దానిని వర్ణించినాడు!

అట్లే పసుపు, నలుపు పట్టీలు గల ‘బంగారు పాము’ పేరునుండి 1803లో దోదిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ‘బుంగారస్’ అను ప్రజాతినామమును కల్పించినాడు. తెల్లని సన్నని చారలుగల నల్లని కట్లపాము కూడ ఇప్పు డదే ప్రజాతిలో చేరినది. ఒంటిమీద బంగారువన్నె ఏమాత్రము లేకున్నను శాస్త్రములో దానికి బంగారమే యింటిపేరు.

ఇక లోపము. రస్సెలు పటములలో పాము తెల్లని కాగితముమీద చుట్టుకొని యుండును. నీరు లేదు, బురద లేదు, గడ్డి లేదు. వర్ణన ప్రధానముగా రంగు, కొలత, పలకల లెక్కలతో సాగును. కారణము స్పష్టమే. ఆతడు పాముల వద్దకు పోయిన సందర్భములకంటె పాములే ఆతని వద్దకు వచ్చిన సందర్భము లెక్కువ. కొన్ని దూరప్రాంతములనుండి మిత్రులు పంపినవి. చచ్చిన పామును గుర్తించుటకు ఈ గ్రంథము చక్కగా నుపకరించును. చెరువులో ఈదుచున్న దానికి అంతగా కాదు.

నీరుకట్టు పామునే చూడుడు. ఉప్పలపాటి చెరువువంటి చోట్ల తఱచుగా కనబడునది ఇదే. దీని శాస్త్రనామములోని ‘పిస్కేటర్’ అనగా జాలరి. రస్సెలు వేయించిన పటము నాధారము చేసికొని 1799లో ష్నైడర్ అను జర్మను పండితుడు పెట్టిన పేరది. దీనికి విషము లేదు. కప్పలు, చేపలు దీని ఆహారము. అయితే బెదరినప్పుడు మెడ వెడల్పు చేసి తల యెత్తును, కఱచుటకు జంకదు. అందుచేత నాగుపా మనుకొని దీనిని చంపుదురు. ‘నీటిలో నున్నది గనుక విషము లేనిదే’ అనుటయు అంతే పొరపాటు. నాగుపాము చక్కగా ఈదగలదు, కప్పలకై నీటి అంచునకు వచ్చును. ఇట్టి సందేహము పలకల లెక్కతో తీరునది కాదు. గట్టుమీద నిలుచున్నవాడు పాము పొట్టక్రింద పలకలు లెక్కింపగలడా?

రాక్సుబర్గు గ్రంథమున ఈ కొఱత తక్కువ. మొక్క యెక్కడ మొలచునో, ఏ ఋతువున పూచునో, జనులు దేనికి వాడుదురో ఆతడు చెప్పును. వానకాలమున లోతులేని మంచినీటిమడుగులలో పుట్టు అపొనోజెటాన్ మొక్కను వర్ణించుచు, దాని దుంపలను జనులు తినుటను కూడ వ్రాసినాడు. ఆకులను నక్షత్రమువలె పరచి తేలు యుట్రిక్యులేరియా పటము కూడ ఇం దున్నది. దాని వేళ్ళవంటి భాగములందలి చిన్న తిత్తులు జలప్రాణులను పట్టు బోనులని 1875లో డార్విన్ గ్రంథము వెలువడు కాలమునకు గాని స్థిరపడలేదు. మొత్తము 300 పటములు. చిత్రించినవారు మనదేశపు చిత్రకారులు. వారి పేర్లు గ్రంథములో లేవు. మొక్కల ఊరిపేర్లు కూడ విడువక వ్రాసిన గ్రంథమున మనుష్యుల పేర్లు లేకపోవుట పెద్ద వెలితి.

పైగా రాక్సుబర్గు చూచిన చెరువు నేటి చెరువు కాదు. గుఱ్ఱపుడెక్క ఆతని కాలమునకు ఈ దేశమునకు రాలేదు. ఉప్పలపాటిలో కొంగలకు ఆధారమైన సర్కారుతుమ్మయు అమెరికానుండి వచ్చినదే. కావున ఆ పటములను చేతబట్టుకొని గట్టుమీద నిలిచినవానికి ఉన్నవాటితోపాటు క్రొత్తగా చేరినవి కూడ తెలియును. ఇది ఆ గ్రంథకర్త తలపెట్టని ప్రయోజనము.

ఈ రెండు గ్రంథములు నేడు జీవవైవిధ్య వారసత్వ గ్రంథాలయమను అంతర్జాల భాండాగారమున ఉచితముగా లభించుచున్నవి. వీనిని పాతవస్తువులుగా దాచుటకు వీలులేని కారణ మొకటి కలదు. మనదేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించినారని 2020లో ప్రకటితమైన పరిశోధన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు పల్లెవాసులు. మన ఆసుపత్రులలో దొరకు విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, పొడపాము, చిన్నపింజరి యను నాలుగింటికి తయారైనది. రస్సెలు బంగారుపాము ఆ నాలుగింటిలో లేదు. పాము పేరు తెలియకున్నను కాటు పడినవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పామును వెదకి చంపి తెచ్చుటకు కాలము వృథా చేయరాదు. పేర్లు తెలిసియుండవలసినది కాటునకు ముందు, ప్రత్తిచేలలోను, మిరపకళ్ళములలోను, ఎలుకలకై పొడపాము తిరుగు గట్లమీదను.

ఈ గ్రంథములను తెలుగులోనికి తెచ్చువారు ఉన్నది ఉన్నట్లు అనువదించినచో పని సగమే జరుగును. రస్సెలు చెవికి వినబడిన పేర్లను ఆయా పల్లెలలో మరల విచారించి సరిదిద్దవలెను, నేటి శాస్త్రనామమును ప్రక్కన చేర్చవలెను. ఏ పాము ఏ మొక్కల మాటున, ఏ నెలలో, ఏమి తినుచు కనబడునో చూచి వ్రాయవలెను. నీరుకట్టు పటముప్రక్కన జమ్ముదుబ్బు, దాని మొదట ఒక కప్ప ఉండవలెను.