నాగమ్మ చేస్తే కుట్రేనా?

పన్నెండో శతాబ్దం నాటి పల్నాటి కథ అదే పేరుతో మన తెరమీదికి రెండుసార్లు వచ్చింది. 1947 నాటి 'పల్నాటి యుద్ధం' గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు. మధ్యలోనే ఆయన కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. అందులో నాయకురాలు నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు. 1966లో గుత్తా రామినీడు తీసినదాంట్లో భానుమతి, ఎన్.టి. రామారావు.

కథ మీకు తెలియనిది కాదు. కోడిపందెంలో ఓడిన మలిదేవుడి పక్షం ఏడేళ్లు రాజ్యం వదిలిపోయింది. గడువు తీరాక మా భాగం మాకివ్వమని రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. ఆ అలరాజెవరు? సాక్షాత్తూ నలగామరాజు అల్లుడే! కారెంపూడిలో కత్తులు మోగడం సరే, దానికి ముందు కోటలో సాగే ఈ గుసగుసలే మనల్ని కుర్చీలో కదలనివ్వవు.

అయితే ఇక్కడే నాకో పేచీ ఉంది. పందెం కాసింది ఒక్క నాగమ్మేనా? రాజ్యాన్ని కోడికాలికి కట్టడానికి బ్రహ్మనాయుడూ ఒప్పుకున్నాడుగా! సింహాసనం మీద నలగామరాజు కూర్చునే ఉన్నాడుగా! నింద మాత్రం ఆవిడ నెత్తిన. ఆయన ఎత్తు వేస్తే రాజనీతి, ఆవిడ వేస్తే కుట్ర. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క పంక్తిని కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. ఆ గొప్పతనం తెలియాలంటే ఎదుటి మనిషికి మసి పూయాలా?

మన కృష్ణాజిల్లా కూచిపూడి వారి భామాకలాపం చూడండి. సత్యభామ తెరమీదుగా జడ వేసి, గెలవగలిగితే గెలవమని సవాలు చేస్తుంది. తరతరాలుగా ఆ వేషం కట్టింది మగవాళ్లే. ఆ గర్వానికి జనం కోపగించుకోలేదు సరిగదా, మురిసిపోయారు. భామ అలక ఎంతైనా ఇంటి వ్యవహారం, కృష్ణుడు రాగానే తీరిపోతుంది. నాగమ్మ అలిగి కూర్చునే మనిషి కాదు, మంత్రి! గదిలో అలిగే ఆడదాన్ని మెచ్చుకున్నంత సులువుగా సభలో మాట్లాడే ఆడదాన్ని మెచ్చుకోలేం కాబోలు.

కన్నాంబ, భానుమతి ఇద్దరూ నిండైన గొంతున్నవాళ్లు. రాతలో దొరకని గౌరవాన్ని నాగమ్మకు ఆ గొంతుల్లోనే కొంత ఇచ్చారు.

ఈసారి ఈ సినిమా చూసే వీలు చిక్కితే, కోడిపందెం దగ్గర కాసేపు నాగమ్మని వదిలేయండి. చుట్టూ చేరిన మగవాళ్ల ముఖాలు చూడండి. ఒక్కరైనా వద్దన్నారేమో!