వంత పలికితేనే పాట

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులో పాటల కాలం మొదలైనట్టే. ముందుగా కారెంపూడి వీరుల తిరునాళ్ల, నాగులేటి ఒడ్డున ఐదు రోజులు. ఆ వెనకే డిసెంబరు చలిలో పల్లెపల్లెకూ క్రిస్మస్ పాటల బృందాలు. నెలగంట పెట్టాక హరిదాసు, గంగిరెద్దు, గొబ్బిపాట. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. ఇంత పాట మన గుమ్మం ముందుకే వస్తుంటే, ‘ఈ పండక్కి కొత్తగా ఏం వచ్చాయి, ఏం వినాలి’ అని మనం ఫోనులో వెతుక్కుంటున్నాం. వెతకడం తప్పేమీ కాదు, కొత్త పాట కావాలని ప్రతి తరమూ కోరుకుంటుంది. నన్నడిగితే మాత్రం మొదట కారెంపూడి పాట వినమంటాను. అది విన్న చెవితో మిగతావి వింటే, కొత్తవాటిలో ఏది నిలుస్తుందో, ఏది వచ్చే పండగ దాకా కూడా ఉండదో తెలిసిపోతుంది.

కారెంపూడి తిరునాళ్ల ఐదు రోజులకూ పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పేర్లు వింటేనే కథ గుర్తుకొస్తుంది. 12వ శతాబ్దంలో గురజాల నలగాముడికీ మాచర్ల మలిదేవుడికీ మధ్య, నాయకురాలు నాగమ్మ ఒకవైపు, బ్రహ్మనాయుడు మరోవైపు నిలిచి సాగిన పోరు అక్కడ ఏటేటా మళ్లీ జరుగుతుంది. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు, వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఊళ్ల నుంచి తరలివస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును తలుచుకుంటూ కులం అడగకుండా ఒకే వరసలో కూర్చుని తింటారు. ఈ ఐదు రోజులనూ ఒక్క తాటి మీద నడిపేది వీరవిద్యావంతుల పాట. తరతరాలుగా ఈ గాథను నోటితో మోసుకొచ్చినవాళ్లు మాలకులపు గాయకులు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసిన మాల కన్నమదాసు కథ వాళ్ల గొంతులో ఎందుకంత బరువుగా పలుకుతుందో వేరే చెప్పాలా?

ఇక ఆ పాట ఎలా కట్టి ఉంటుందో చూద్దాం. కథకుడి చేతిలో కత్తీ డాలూ ఉంటాయి. పక్కన పంబజోడు, తాళాలు, తిత్తి. తిత్తి అంటే తోలుసంచి. నోటితో గాలి నింపి, చంకలో పెట్టి ఒత్తుతుంటే దాని గొట్టం లోంచి ఒకే స్వరం ఎడతెగకుండా వస్తుంది. కచేరీలో తంబూరా చేసే పనే ఇదీ చేస్తుంది, అయితే ఆరుబయట, వేలమంది సందడిలో కూడా వినిపించేలా చేస్తుంది. మొదటిసారి విన్నవాళ్లకు అది చెవిలో రొదలా తోస్తుంది. కాసేపటికి దాన్ని పట్టించుకోం. ఇంకాసేపటికి అది లేకపోతే పాట నిలబడదని అర్థమవుతుంది. తిత్తి ఆగదు కాబట్టే కథకుడు ఆగగలడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి పేరు పలికి, గుక్క తిప్పుకోవడానికో, జనం ముఖాలు చూడటానికో అతను నాలుగు క్షణాలు ఊరుకుంటే ఆ నిశ్శబ్దం కింద తిత్తి మోగుతూనే ఉంటుంది. ఆ నాలుగు క్షణాలూ కథలోవే. స్టూడియోలో ఎన్ని యంత్రాలు పెట్టి ఇలాంటి మౌనాన్ని తయారు చెయ్యాలి!

పంబ ఒకదాని మీద ఒకటి కట్టిన రెండు డోళ్ల జోడు. అది పాటకు తాళం వేసి ఊరుకోదు. కథకుడు ఊపిరి తీసుకునే సందులో దూరి, అతను చెప్పిన మాటకు తన మాట కలుపుతుంది. రాయబారం జరిగేటప్పుడు ఒక నడక, పోరు మొదలయ్యేటప్పుడు ఇంకో నడక. మాట అందనంత దూరంలో కూర్చున్నవాళ్లు కూడా దరువు మారిందంటే కథ మలుపు తిరిగిందని లేచి నిలబడతారు.

ద్విపద ఛందస్సు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రహస్యమంతా అక్కడే ఉంది. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదట యతి. రెండు పాదాలకూ ప్రాస కలవాలి. ఆ ప్రాస నియమం కూడా వదిలేస్తే మంజరీ ద్విపద. శ్రీనాథుడి పేరు మీదున్న ‘పల్నాటి వీరచరిత్ర’ మంజరిలోనే నడిచింది. ప్రాస లేకపోవడం కవి చేతగానితనమని పాతకాలపు పండితులు కొందరు చిన్నచూపు చూశారు. పాడేవాడి వైపు నుంచి చూడండి. తిరునాళ్లలో నిలబడి రాత్రంతా కథ నడపాలి. జనం ఎక్కడ ఉడుకెత్తితే అక్కడ నాలుగు పాదాలు పెంచాలి, ఎక్కడ కునుకుపడితే అక్కడ తగ్గించాలి. ప్రాస ముడి ఉంటే ప్రతి రెండు పాదాలూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. మంజరిలో ఆ ముడి లేదు. పాదం మధ్యలో యతి ఒక్కటే కాలు ఊనే చోటు. పాదం నిడివి ఇంచుమించు ఒక గుక్క. ఒక గుక్కలో ఒక పాదం వేసి, చివరి మాట పక్కనున్న వంత పాడేవాడికి వదిలేస్తే అతను దాన్ని అందుకుని సాగదీస్తాడు. ఆ లోపల కథకుడికి తర్వాతి పాదం నోటికొస్తుంది. ఛందస్సు ఇక్కడ ఊపిరి లెక్క.

మధ్యమధ్య వచనం వస్తుంది. నాయకురాలి ఎత్తులు, ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏమన్నారు అన్నదంతా వచనంలో గబగబా సాగిపోతుంది. మనసు పట్టేసే చోటు రాగానే గొంతు పాటలోకి లేస్తుంది. బాలచంద్రుడి బొంగరం ఘట్టమే తీసుకోండి. తండ్రి యుద్ధానికి వెళ్లిన సంగతి కొడుక్కి తెలియకూడదని తల్లి ఐతాంబ పిల్లవాణ్ని బొంగరాల ఆటకు పంపింది. బొంగరం వెళ్లి ఒక ఆడకూతురి కాలికి తగిలింది. తండ్రులంతా రణభూమిలో ఉంటే నువ్వు వీధిలో బొంగరాలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడిచింది. ఇంతదాకా మాట. ఆ ఎత్తిపొడుపు పిల్లవాడి గుండెలో దిగిన చోట పాట. అక్కడి నుంచి ఐతాంబ దగ్గరికి, భార్య మాంచాల దగ్గరికి, కారెంపూడి కదనానికి అతను నడిచే దారంతా పాటే. ముగింపు అందరికీ తెలుసు. తెలిసినా ఆ దారి వినడానికే వస్తారు.

ఈ గానం ఎంత పాతదో చెప్పడానికి ‘క్రీడాభిరామం’లో ఒక పద్యం ఉంది. అది వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న వాదం అలా ఉంచుదాం. వినుకొండ ఇవాళ మన పల్నాడు జిల్లాలోనే ఉంది, అది నాకు చాలు. అందులో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుంటే, ఒక స్త్రీ పలనాటి వీరుల గాథను ద్విపదలో పాడుతూ కనిపిస్తుంది. తాళం వేగంగా ఉంది, వాద్యం దుందుడుకుగా మోగుతోంది. ఆమె పలికే ఒక్కో అక్షరానికీ కుర్రకారు ఊగిపోతూ కేకలు పెడుతున్నారు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ముందుగా కనిపించేది ఆ కుర్రవాళ్లే. కవి గాయని గొంతుతో ఆగిపోలేదు, వినేవాళ్ల కేకను కూడా పద్యంలో పెట్టాడు. వాళ్లు కూడా పాటలో భాగమేనని అతనికి తెలుసు.

ఇదే సంగతి సముద్రాల అవతల ఇంకో జాతి కూడా కనిపెట్టింది. అమెరికాలో నల్లజాతివారి చర్చిలో పాస్టరు ఒక మాట అంటే సంఘమంతా బదులు పలుకుతుంది. ఆ పిలుపూ బదులూ 1950ల నుంచి బజారు పాటలోకి దిగి సోల్ సంగీతమైంది. అరీథా ఫ్రాంక్లిన్ తండ్రి చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల. పాప్ లోకంలో రాణిగా వెలుగుతున్న రోజుల్లో, 1972 జనవరిలో, లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చికి వెళ్లి రెండు రాత్రులు భక్తిపాటలు పాడింది. ‘అమేజింగ్ గ్రేస్’ పేరుతో వచ్చిన ఆ ఆల్బంలో జనం కేకలు, చప్పట్లు, ఏడుపులు తీసెయ్యలేదు. ఆమె జీవితంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది అదే. సోల్ అంటే ఏమిటని అడిగే మన పిల్లలకు దాన్ని వినిపించి, ఆ వెంటనే వీరవిద్యావంతుల పాట వినిపించండి. భాష వేరు, దేవుడు వేరు. పిలుపూ బదులూ మాత్రం ఒకటే.

మన వైపు ఆ పిలుపూ బదులూ బుర్రకథలో చేసి చూపించినవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టి, ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథను ఊరూరా తిప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథ ఈ పండగ రోజుల్లో తప్పక వినాల్సినది. వీరవిద్యావంతుల గానంలో ఉన్న వంతను నాజర్ బృందంలో ఇద్దరు పంచుకున్నారు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథకుడు పన్నెండో శతాబ్దంలో ఉంటే వంతలు ఈ ఊళ్లో, ఈ ఏడాదిలో ఉంటారు. మనం అడగాలనుకున్న ప్రశ్న గుమ్మెట వాయిస్తూ వాళ్లే అడిగేస్తారు. నాజర్ గొంతు గొప్పదే. ఆ గొంతుకు వెనక నుంచి ఆ ఇద్దరూ కొట్టే దెబ్బ లేకపోతే మాత్రం అందులో సగం కూడా మనకు దక్కేది కాదు.

సినిమా వాళ్లూ ఈ కథను రెండుసార్లు పట్టుకున్నారు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచెయ్యగా 1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ నాగమ్మ. 1966లో వచ్చినదానిలో భానుమతి నాగమ్మ, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. పాటలు బాగుంటాయి, వినండి. రికార్డు పలక మీద మూడు నాలుగు నిమిషాలకు కుదించిన పాటలో రాత్రంతా సాగే గాథ పట్టదని మాత్రం గుర్తుంచుకోండి.

క్రిస్మస్ పాట సంగతి చెప్పకపోతే పల్నాడు పండగ పాట పూర్తికాదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1849లోనే గురజాలకు వచ్చి కాపురం పెట్టాడు. ఆ తర్వాతి తరాల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇక్కడి ఇళ్లల్లోకి చేరింది. ఆ పుస్తకం తెరిచి చూడండి, కీర్తనల మీద రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటివారు విదేశీ వరుసలతో సరిపెట్టుకోకుండా పల్లవి, అనుపల్లవి, చరణాలతో తెలుగు కీర్తన కట్టారు. పల్లవి ఉంది కాబట్టి వంత ఉంది. డిసెంబరు రాత్రి కాగితపు నక్షత్రం పట్టుకుని, డోలక్కూ తాళాలూ వాయిస్తూ గుమ్మం ముందుకొచ్చిన బృందంలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతా అందరూ పల్లవి మీద పడతారు. గుమ్మంలో నిలబడిన ముసలమ్మ కూడా కలుపుతుంది. నాకు ఆ ముసలమ్మ గొంతు కూడా కావాలి.

అందుకే డీజే పెట్టెల మీద నా ఫిర్యాదు మోత ఎక్కువని మాత్రమే కాదు. పంబ మోత తక్కువా? డీజేకి బదులు చెప్పడానికి ఎవరికీ సందు ఉండదు. ప్రభ ముందు నడిచేవాడు అరిచినా ఆ పాట ఆగదు, పెరగదు, తగ్గదు. మన కోసం రవ్వంత కూడా మారని పాట ముందు మనం ఉన్నా లేకపోయినా ఒకటే. యూట్యూబులో కొత్తగా వస్తున్న జానపదాల్లో మంచివి లేకపోలేదు. మంచివి పట్టుకోవడానికి నేను చూసే గుర్తు ఒక్కటే: వంత పాడేవాళ్లు నిజంగా పక్కన నిలబడి పాడారా, లేక ఒకే గొంతును యంత్రంలో నాలుగు పొరలు చేసి పేర్చారా? మొదటిది విన్నప్పుడు తెలియకుండానే మన పెదవి కదులుతుంది.

పల్నాటి వీరుల గాథ మీద 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన జీన్ రోఘేర్ పుస్తకం ఆలిశెట్టి గాలెయ్య అనే మన గాయకుడి పాట మీద నిలబడి ఉంది. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ వీరగాథల కోసం ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. పుస్తకాల్లో మాట దొరికింది, తిత్తి స్వరం దొరకదు. అది గాయకుల దగ్గరే ఉంది.

కాబట్టి ఈసారి కార్తీక అమావాస్యకు కారెంపూడి రండి. నరసరావుపేట నుంచీ మాచర్ల నుంచీ బస్సులున్నాయి. ఒక పూట చూసి వెళ్లిపోకుండా కళ్లిపాడు దాకా ఉండండి. ఫోనులో రికార్డు చేస్తే కథకుడి మూతి దగ్గర పెట్టకండి, నాలుగడుగులు వెనక్కి జరిగితే తిత్తీ పంబా వంతా జనమూ అన్నీ పడతాయి. ముక్కలు చెయ్యకుండా పూర్తిగా ఉంచండి. పాడినవాళ్ల పేరూ ఊరూ వాళ్లనే అడిగి రాసుకోండి. వచ్చేముందు వాళ్ల చేతిలో డబ్బు పెట్టి రండి.