సొరంగాన్ని ఎలా అతికించాలి

భార్యాభర్తలిద్దరే కొండలకో అడవికో వెళ్లొస్తే ఫోటోలతో ఒక చిక్కుంది. తీసినవాళ్లు అందులో ఉండరు. మా ఆయన ఫోన్ నిండా నేనే, నా ఫోన్ నిండా కొండలే. ఆయన అరకు వచ్చారనడానికి రుజువు కావాలంటే హోటల్ బిల్లు తీయాలి. సెల్ఫీల్లో ఇద్దరం ఉంటాం గానీ, వెనకున్న లోయ మా చెవుల పక్కన కాస్త కాస్తగా తొంగిచూస్తుంది. స్క్రాప్‌బుక్ పేజీ చేయాల్సిన మొదటి పని నా దృష్టిలో ఫోటోలో లేని మనిషిని పేజీలోకి తీసుకురావడం. రంగు కాగితాలూ అలంకారాలూ ఆ తర్వాతే.

జ్ఞాపకాలను ఇలా పేజీల్లో దాచుకునే అలవాటు మనకు కొత్తదేమీ కాదు. వారపత్రికల్లో సీరియళ్లను వారం వారం చింపి, బొమ్మలతో సహా బైండు చేయించుకున్న ఇళ్లెన్నో. నల్ల అట్టపేజీల మీద ఫోటోలను కార్నర్లతో నిలబెట్టి, మధ్యన పల్చటి కాగితం వేసిన పెళ్లి ఆల్బమ్‌లు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. అమెరికాలో రచయిత మార్క్ ట్వేన్ ముందే జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్కుకు 1873లో పేటెంటు తీసుకున్నాడు. పేజీ తడిపి కాగితం అంటించడమే. ఇప్పటి పద్ధతికి ఊపు వచ్చింది మాత్రం 1980లో. సాల్ట్‌లేక్ సిటీలో జరిగిన వంశచరిత్రల సదస్సులో మేరియెలెన్ క్రిస్టెన్సెన్ తన కుటుంబం ఆల్బమ్‌లు 50కి పైగా ప్రదర్శనకు పెట్టాక అది ఇంటింటి వ్యాపకమైంది. అక్కడ 12 అంగుళాల చదరపు పేజీ వాడుక. మనకు దొరికే మందపాటి డ్రాయింగ్ షీటు చాలు.

అరకు ప్రయాణాన్నే తీసుకుందాం. అందరూ చేసేది బొర్రా గుహలు, కాఫీ తోటలు, జలపాతం అన్నీ కలిపి ఒకే పేజీలో కుక్కడం. అప్పుడు అది టూరిజం కరపత్రంలా తయారవుతుంది. పేజీకి ఒక్క సంగతే పెట్టుకోవాలి. ఉదాహరణకి రైలు. కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసింది. ఆ దారి మొత్తంలో 58 సొరంగాలున్నాయంటారు. వాటిలో ఫోటో రాదు. మరి ప్రయాణంలో పిల్లలూ పెద్దలూ కేకలు పెట్టేది అక్కడే కదా! పేజీ అడుగున రెండంగుళాల పట్టీ గీసి, కిటికీలోంచి తీసిన చిన్న ఫోటోలను వరుసగా పెట్టి, ఒక్కోదానికీ మధ్యన నల్ల కాగితం ముక్కలు అతికించండి. వెడల్పు ఒకటే ఉండకూడదు: చిన్న సొరంగానికి సన్నం, పొడుగుదానికి వెడల్పు. చూసేవాళ్ల కన్ను వెలుగులోంచి చీకట్లోకీ, చీకట్లోంచి వెలుగులోకీ నడుస్తుంది.

ఇక లెక్క. కిటికీ పక్కనున్నవాళ్లు సొరంగాలు లెక్కపెడతారు, రెండోవాళ్లు మధ్యలో కునుకు తీసి, లేచి మరో సంఖ్య చెబుతారు. రెండు లెక్కలూ పేజీ మీదికి ఎక్కాలి, ఎవరిది వాళ్ల చేతిరాతలోనే. దిద్దకూడదు. రాత ఎంత వంకరగా ఉన్నా సరే, నా మటుకు ఇదే అసలు పనితనం. చాలా ఇళ్లలో ఆల్బమ్ ఒక్కరి పనైపోతుంది, రెండోవారు అతిథిలా తిప్పి చూస్తారు. ‘మరపురాని అనుభూతి’ లాంటి వాక్యం రాస్తే అది ఎవరి ప్రయాణానికైనా సరిపోతుంది. వెనక్కి పోదామని మొదట అన్నదెవరు, ఎవరి చెప్పు తెగింది, టీ కోసం బండి ఎక్కడ ఆపించారు, ఇవి రాయండి.

అతికించే సరుకు దగ్గర కాస్త జాగ్రత్త పడాలి. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, అందుకే ఎండకు పచ్చబడి పెళుసెక్కుతుంది, ఫోటోకి ఆనించొద్దు. దొరికితే ఆమ్లం లేని కాగితమే కొనండి. మైదా ఉడికించిన జిగురు చవకే గానీ, పిండిపదార్థమంటే సిల్వర్ ఫిష్ పురుగులకు విందు. నీళ్ల గమ్ము ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది. ఫోటోలకు పాతకాలపు కార్నర్లే మేలు, రేపు తీయాలన్నా చిరగకుండా వస్తాయి. జిగురు గీతలున్న, పైన ప్లాస్టిక్ పొర కప్పే రెడీమేడ్ ఆల్బమ్‌లలో ఫోటోలు ఊడిరాకుండా అంటుకుపోతాయి. కండక్టర్ మెషీన్‌లోంచి వచ్చే బస్సు టికెట్టు థర్మల్ కాగితం, కొంతకాలానికి అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఇల్లు చేరగానే జిరాక్స్ తీసి, అదే అంటించాలి. ఫోటో వెనక రాయాలంటే బాల్‌పెన్ను అచ్చు ముందువైపు తేలుతుంది. మెత్తటి పెన్సిల్ వాడండి.

చలికాలం మొదట్లో అరకు పొలాల్లో పసుపుపచ్చగా విరిసే వలిసె పువ్వు పేజీకి బాగుంటుంది. రైతునడిగి ఒకటి తీసుకుని, పీల్చుకునే కాగితాల మధ్య బరువు కింద పెట్టి, మొదటి రోజుల్లో రోజూ కాగితం మార్చాలి. పసుపు రంగు చాలావరకు నిలుస్తుంది. కానీ నల్లమల లాంటి అభయారణ్యాల్లో ఆకు కూడా తీయకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అక్కడ రాలిన ఆకు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి, ఈనెలతో సహా అచ్చు దిగుతుంది. ఆకు అడవిలోనే ఉంటుంది. ఒకరు కాగితం కదలకుండా పట్టుకుంటేనే రెండోవారు రుద్దగలరు కాబట్టి, ఎవరి వేలు ఎవరు గీకారో కూడా పక్కన రాసుకోవచ్చు.

పూర్తయిన పుస్తకాన్ని అల్మరాలో నిలబెట్టకుండా పడుకోబెట్టండి. లోపల అతికించిన ముక్కలతో పేజీలు ఉబ్బి, నిలబెడితే కుట్టు సాగుతుంది. వర్షాకాలంలో సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పెట్టి, ఎండ కాసిన రోజు నీడలో విప్పి గాలి తగలనివ్వండి, బూజు పట్టదు. బంధువులొస్తే చూపించండి, కానీ పకోడీల పళ్లెం రాకముందే.